మైదానమూ, అంగడీ

కరణ్‌కోటలో మా అక్క ఇంటికి ఎప్పుడు వెళ్ళినా నన్ను ముందుగా పలకరించేది రాయి. తాండూరు స్టేషన్లో రైలు దిగి ఆటో ఎక్కిన దగ్గరనుంచీ రోడ్డుకి అటూ ఇటూ రాయే. నీలం రాయి, పసుపు రాయి, పలకలుగా కోసి నిలబెట్టిన రాయి, పనికిరాదని గుట్టలుగా పారబోసిన రాయి. ఎండాకాలం మన ఇళ్ళలో కాళ్ళకింద చల్లగా వుండే నాపరాయి చాలామట్టుకు ఈ చుట్టుపక్కలదే. ఆ పైన వూళ్ళోనే సిమెంటు ఫ్యాక్టరీ. ఎక్కడెక్కడి ఇళ్ళకో రాయీ సిమెంటూ పంపే ఈ వూళ్ళో పిల్లలు క్రికెట్ ఆడుకునే జాగాకి మాత్రం చుట్టూ ఒక్క వరస గోడ కూడా లేదు. స్టంపులకు బదులు మూడు బండముక్కలు నిలబెట్టుకుంటారు. బంతి తగిలితే బండ పడదు, బంతే చితుకుతుంది. అందుకని అక్కడ ఆటగాడు బౌల్డయ్యాడా లేదా అన్నది కంటితో కాక చెవితో తేలుస్తారు. ‘టక్’ మని వినబడితే అవుటు. వినబడలేదని బ్యాటు పట్టుకున్నవాడూ, వినబడిందని మిగతా వూరంతానూ!

ఈసారి నేను వెళ్ళేసరికి అక్క కొడుకు కూడా వచ్చివున్నాడు. సివిలింజనీరు. హైదరాబాదులో వుద్యోగం. రాత్రి భోజనాలయ్యాక నట్టింట్లో దుప్పటంత కాగితం పరిచి, నాలుగు మూలలా నాలుగు చెంబులు పెట్టాడు. మధ్యన కోడిగుడ్డు ఆకారంలో స్టేడియం. దాని చుట్టూ హోటళ్ళు, సినిమా హాళ్ళు, బట్టల దుకాణాలు, ఆఫీసులు, పై అంతస్తుల్లో ఫ్లాట్లు, కింద కార్లకు చోటు, ఒక మూల ఫౌంటెను.

“ఏ వూరిదిరా ఇది?” అన్నాను.

“ఏ వూరికైనా సరిపోతుంది చిన్నమ్మా, నమూనా” అన్నాడు. “స్టేడియం అంటే పెళ్ళి పట్టుచీర లాంటిది. బోలెడు పోసి కొంటారు, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఐపీఎల్లో లీగు ఆటలు ఒక జట్టుకి పద్నాలుగు. అందులో సొంతగడ్డమీద ఏడు. మరో నాలుగు పెద్ద ఆటలు వేసుకో. మిగిలిన మూడొందల యాభై రోజులూ గడ్డికి నీళ్ళు పట్టడం, కుర్చీల దుమ్ము దులపడం. చుట్టూ ఒక వినోదాల పేట కట్టేమనుకో, ఆట లేనిరోజున కూడా జనం వస్తారు. అద్దెలొస్తాయి. ఆ అద్దెలతో స్టేడియం బతుకుతుంది. అమెరికాలో ఇప్పుడిదే పద్ధతి.”

“అమెరికా దాకా ఎందుకురా, మన జాతరల్లో అంగడి ఎప్పటినుంచో వుందిగా” అన్నాను నేను, చిన్నమ్మ హోదాలో ఏదో ఒకటి అనాలి కనుక.

వసారాలో తమలపాకుకి సున్నం రాసుకుంటున్న వాళ్ళ నాయనమ్మ అక్కడినుంచే అందుకుంది. “మంచిగనే వుంది బిడ్డా. గని, జాతర అయినంక అంగడోళ్ళు మూట కట్టుకోని పోతరు. గుడి గుడి తీర్గనే వుంటది. నీ అంగడి ఎప్పుడు లేస్తదిరా?”

వాడు నవ్వేసి కాగితం చుట్టేశాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిద్ర పట్టకపోతే లెక్కలొచ్చినవాళ్ళు గొర్రెలు లెక్కపెట్టుకుంటారట. నావంటి బి.ఏ. మనుషులకి మిగిలేది చరిత్రే.

ముందు రోము నగరానికి వెళ్ళాను. అక్కడ సర్కస్ మాక్సిమస్ అని రథాల పందాల మైదానం వుండేది. రెండువేల ఏళ్ళ కిందట డయొనీసియస్ అనే గ్రీకు చరిత్రకారుడు రోములో వుండి, కళ్ళతో చూసి రాశాడు. లక్షన్నర మంది కూర్చునే కట్టడమట. దాని బయటివైపు చుట్టూరా ఒక వసారా, ఆ వసారాలో దుకాణాలు, దుకాణాల మీద కాపురాలు, ప్రతి దుకాణం పక్కనుంచీ లోపలికి జనం వెళ్ళే దారి. చూశారా! మావాడు కొత్తదనుకుని చెంబుల కింద పరిచిన కాగితం ఎంత పాతదో! కారణం కూడా పాతదే. మెట్లు మెట్లుగా కుర్చీలు పైకి లేచినప్పుడు వాటి కింద ఖాళీ మిగులుతుంది. మేడమెట్ల కింద ఖాళీ వుంటే మనం బియ్యం బస్తా పెట్టుకోమూ, అలాగే అన్నమాట. ఖాళీ జాగా, పక్కనే జనం. వ్యాపారి కన్ను అక్కడ పడకపోతేనే ఆశ్చర్యపోవాలి.

అయితే ఆ కథకి రెండో సగం వుంది. క్రీస్తు శకం 64 జులైలో రోము తగలబడింది. అప్పుడు నీరో చక్రవర్తి ఫిడేలు వాయిస్తున్నాడని చెప్పుకుంటారు గాని, అప్పటికి ఫిడేలే పుట్టలేదు. నిప్పు ఎక్కడ పుట్టిందో మాత్రం టాసిటస్ రాశాడు. ఆ పందాల మైదానాన్ని ఆనుకున్న దుకాణాల్లో, తేలిగ్గా అంటుకునే సరుకులో పుట్టిందట. గాలి తోడై మైదానం పొడవునా పాకింది. నగరంలో పద్నాలుగు పేటలుంటే క్షేమంగా మిగిలినవి నాలుగే. మూడు నేలమట్టమైపోయాయి. జనమూ, సరుకూ, కాపురమూ ఒక్క కప్పు కింద చేరినచోట లాభంతోపాటు నిప్పు కూడా కాపురముంటుందని తెలియడానికి అంత ఖరీదు పెట్టవలసి వచ్చింది.

మరి మనకి ఇలాంటి మైదానాలు లేవా? ఎందుకు లేవూ! కృష్ణ ఒడ్డున విజయపురిని ఏలిన ఇక్ష్వాకుల కాలంలో, అంటే మూడో నాలుగో శతాబ్దాల్లో, నాలుగువైపులా మెట్లు కట్టి మధ్యన ఆటకో పాటకో జాగా వదిలిన ప్రేక్షకశాల వుండేది. అదే మన నాగార్జునకొండ. సాగర్ ఆనకట్ట నీళ్ళలో ఆ లోయ మునగబోతోందని 1954 నుంచి ఆరేళ్ళపాటు హడావిడిగా తవ్వకాలు జరిపారు. ఆ ప్రేక్షకశాలను అనుపులో తిరిగి కట్టి నిలబెట్టారు. ఇవాళ వెళ్ళినా ఆ మెట్లమీద కూర్చోవచ్చు. అసలు చోట దాని దగ్గర్లోనే గుట్టమీద హారీతి గుడి వుండేది. హారీతి పిల్లల్ని కాపాడే తల్లి. ఆట చూడటానికి బయలుదేరిన అమ్మలు ముందు ఆ తల్లికి దణ్ణం పెట్టుకుని, తరవాత మెట్లమీదికి వచ్చి కూచునేవారేమో అని నాకో వూహ. నవల రాసేవాళ్ళకి ఆ మాత్రం వెసులుబాటు ఇవ్వాలి మీరు.

ఆ తరవాత మన వూళ్ళలో మైదానమంటే జాతర జాగాయే. తాండూరులో భావిగి భద్రేశ్వరస్వామి జాతర చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రథం, రథం ముందు జనం, జనం చుట్టూ గాజులవాళ్ళు, బొమ్మలవాళ్ళు, మిఠాయివాళ్ళు, రంగులరాట్నం. కర్ణాటక సరిహద్దు వెంబడి వూళ్ళలో జాతరంటే కుస్తీ కూడా వుండి తీరాలి. మొదట పిల్లకాయలకి కొబ్బరికాయ కుస్తీ, చివర పెద్ద పహిల్వాన్లకి వెండికడెం కుస్తీ. ఎర్రమన్ను తవ్వి గుల్లచేసిన గోదా చుట్టూ జనం గొంతుకూర్చుంటారు. టికెట్టు లేదు. ఆడవాళ్ళం మాత్రం దూరంగా బండ్లమీదనుంచి చూడాలి. అదీ టికెట్టే అనుకోండి, పైసల్లో కాదంతే. ఇంత హంగామా అయి మూడోనాటికి వెళ్ళి చూస్తే ఆ జాగాలో కొబ్బరిపీచూ, చిరిగిన కాగితపు జెండాలూ తప్ప ఏమీ వుండవు. నాలుగోనాటికి ఆవులు మేస్తుంటాయి. నాయనమ్మ అన్నది ఈ సంగతే. మన అంగడికి కాళ్ళుండేవి. జనం ఎక్కడికి వెళితే అక్కడికి నడిచి వచ్చేది, జనంతోపాటే లేచిపోయేది.

అంగడికి కాళ్ళుపోయి పునాదులు రావడం ఎట్లా వుంటుందో చూడాలంటే హైదరాబాదు వెళ్ళాలి. బషీర్‌బాగ్‌లో లాల్‌బహాదూర్ స్టేడియం వుందే, దాని అసలు పేరు ఫతే మైదాన్. గెలుపు మైదానమని అర్థం. 1687లో గోలకొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యం ఇక్కడ విడిదిచేసిందనీ, కోట చేజిక్కాక పండగ చేసుకున్నదనీ, అందుకే ఆ పేరనీ చెబుతారు. నిజాముల కాలంలో అది పోలో మైదానం. గుర్రమున్నవాడి ఆట, గుర్రంలేనివాడు గట్టుమీద నిలబడి చూసేవాడు. 1950 ప్రాంతంలో స్టేడియం లేచింది. 1967లో దానికి లాల్‌బహాదూర్ శాస్త్రి పేరు పెట్టారు.

ఆ నేలమీద జరిగినవి తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. 1955 నవంబరులో హైదరాబాదులో మొట్టమొదటి టెస్టు మ్యాచి ఇక్కడే, న్యూజిలాండుతో. పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో మనదేశపు ఆటగాడు రెండువందలు దాటడం అదే మొదలు. 1969లోనూ 1988లోనూ ఇక్కడ టెస్టులు జరిగాయి. విచిత్రమేమంటే ఆ రెండూ న్యూజిలాండుతోనే. స్టేడియం మారి ఉప్పల్లో 2010లో మొదటి టెస్టు పెడితే, అప్పుడూ వచ్చింది న్యూజిలాండే! కొన్ని ఇళ్ళకి కొందరు చుట్టాలు అంతే.

ఇంకో ముచ్చట. 1978 జనవరిలో మహిళల ప్రపంచ కప్పు మనదేశంలో జరిగినప్పుడు, కప్పు ఎవరిదో తేల్చిన ఆఖరి ఆట ఈ ఫతే మైదాన్‌లోనే ఆడారు. ఇంగ్లండును ఓడించి ఆస్ట్రేలియా ఆడపిల్లలు మొదటిసారి కప్పు ఎత్తుకున్నారు. అప్పటికి నేనింకా పుట్టలేదు. పుట్టి, పెరిగి, అదే వూళ్ళో డిగ్రీ చదువుకున్న మూడేళ్ళలో ఈ సంగతి నాకు ఒక్కరూ చెప్పలేదు. బండిమీద కూర్చుని దూరంనుంచి కుస్తీ చూసిన పిల్లకి ఆ ఒక్క మాట ఎవరైనా చెప్పివుంటే ఎట్లా వుండేదో!

ఆటలే కాదు. 1975 ఏప్రిల్లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలకు ఈ స్టేడియమే వేదిక. 2017 డిసెంబరులో మళ్ళీ తెలుగు మహాసభలు ఇక్కడే. 1983 జనవరి 9న రామారావుగారు రాజభవనం కాదని ఈ మైదానంలో జనం మధ్య ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 2004లో రాజశేఖరరెడ్డిగారు, 2023 డిసెంబరు 7న మా తాండూరు పక్కనే వున్న కొడంగల్ నుంచి గెలిచిన రేవంత్‌రెడ్డిగారు కూడా అక్కడే. ఇలా చూస్తే ఆట లేనిరోజున కూడా జనం వచ్చే మైదానమే అది. ఏ ఫౌంటెనూ లేకుండానే.

ఇక దుకాణాల సంగతి. ఆ స్టేడియం బయటివైపు చుట్టూ, మెట్ల కింది ఖాళీలో, దుకాణాలున్నాయి. ఆట సామాను అమ్మేవి కొన్ని, ఆటతో చుట్టరికం లేనివి కొన్ని. రోజూ ఆ దారిన తిరిగేవాళ్ళలో లోపల పచ్చగడ్డి వుందన్న సంగతే మరిచిపోయినవాళ్ళున్నారు. ఒకప్పుడు నాకూ దుకాణాల మీద కోపంగానే వుండేది. కాని ఆ కోపం పూర్తిగా పెట్టుకోవడానికి నాకు హక్కు లేదు. ఎందుకో చెబుతాను.

1999 నవంబరు 8. హాస్టల్లో వుండి డిగ్రీ చదువుతున్నాను. భారత్, న్యూజిలాండుల వన్డే మ్యాచి. నేనూ మరో ఇద్దరు స్నేహితురాళ్ళూ క్లాసు ఎగ్గొట్టి బయలుదేరాం. టికెట్లు లేవు. వున్నా కొనే స్తోమతు లేదు. గేటు దగ్గర జనం తోసుకుంటుంటే భయపడి పక్కకి వచ్చేశాం. ఒక దుకాణంలో టీవీ పెట్టివుంది. దాని ముందు పది పదిహేనుమంది గుంపు. మేమూ చేరాం. దుకాణాయన పొమ్మనలేదు సరికదా, ఆడపిల్లలని మమ్మల్ని ముందుకు రానిచ్చి, ఖాళీ అట్టపెట్టెలు వేసి కూర్చోమన్నాడు. మాకూ ఆటకీ మధ్య ఒకే ఒక్క గోడ. సచిన్ ఫోరు కొడితే కళ్ళముందు టీవీలో బంతి పరిగెత్తేది, వీపువెనక గోడ గర్జించేది. ఆ రోజు సచిన్ అవుటవకుండా 186, ద్రావిడ్ 153. ఇద్దరూ కలిసి 331 పరుగులు జోడించారు. వన్డేల్లో ఏ వికెట్టుకైనా అప్పటికి అదే ప్రపంచ రికార్డు. నేను ఆ మ్యాచి చూశానా, చూడలేదా? ఇప్పటికీ నాకు తెలీదు. కాని గోడ అదరడం నా వీపుకి గుర్తుంది.

కనుక అంగడి చెడ్డది, ఆట మంచిది అని తీర్పు చెప్పడం నావల్ల కాదు. టికెట్టులేని ముగ్గురు ఆడపిల్లలకి ఆటను అందించింది ఆ రోజు అంగడే. ఐతే ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ దుకాణం ఆటకోసం తెరుచుకున్నది. ఆ పూట దాని యజమాని బేరం మానుకుని మాతోపాటు స్కోరు లెక్కపెట్టాడు. తేడా అక్కడే వుంది.

అంగడి లాభం ఎటు పోతుందన్నది అసలు ప్రశ్న అని నాకు నేర్పింది మాత్రం స్టేడియం కాదు, దానికి కూతవేటు దూరంలో వున్న నుమాయిష్. ఉస్మానియాలో చదువుకున్న కొందరు యువకులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన చిన్న ప్రదర్శన అది. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. ఏటా జనవరి ఒకటిన తెరుస్తారు, నెలన్నర వుంటుంది. గాజులు, కాశ్మీరు శాలువలు, జెయింట్ వీలు, మిర్చిబజ్జీ, అన్నీ వ్యాపారమే. దానివల్ల వచ్చిన సొమ్ముతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతుంది. సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ అలా నడిచేవే. మనం కొన్న ప్లాస్టిక్ డబ్బా ఎవరో ఒక ఆడపిల్ల చదువులో కాస్త చేరుతుందంటే డబ్బా మూత సరిగా పట్టకపోయినా సరిపెట్టుకోవచ్చు. అక్కడా రోము కథ తప్పలేదనుకోండి. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలు లేచి దుకాణాలు చాలా కాలిపోయాయి. నిప్పుకి మంచి అంగడీ చెడ్డ అంగడీ తేడా తెలీదు. అందుకే దారులు వెడల్పుగా వుండాలన్నది ఎవరూ బేరమాడకూడని సంగతి.

తరవాత క్రికెట్ ఉప్పల్‌కి తరలిపోయింది. 2005 నవంబరులో దక్షిణాఫ్రికాతో అక్కడ మొదటి వన్డే ఆడారు. పన్నెండేళ్ళకి మెట్రో రైలు వచ్చి, స్టేడియం పేరుతోనే ఒక స్టేషను వెలిసింది. అటు గచ్చిబౌలిలో 2003 అక్టోబరులో ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగాయి. అప్పుడు ఆ చుట్టుపక్కల రాళ్ళగుట్టలు. ఇవాళ గుట్టలకంటే ఎత్తుగా అద్దాల మేడలు. క్రీడాకారుల బసకోసం అక్కడ కట్టిన భవనాన్ని 2020లో కరోనా వచ్చినప్పుడు ఆసుపత్రి చేశారు. నగరానికి ఖాళీజాగా, ఖాళీ గదీ ఎప్పుడు ఎందుకు అక్కరకొస్తాయో ముందుగా ఎవరికీ తెలీదు. అంతా అమ్ముడుపోయిన చోట ఆపద వస్తే మంచం వెయ్యడానికి కూడా జాగా వుండదు కదా.

మర్నాడు పొద్దున్న కాఫీల దగ్గర ఇదంతా మావాడికి చెప్పాను. వాడు పాపం ఓపిగ్గా విన్నాడు. విని, “నువ్వు చెప్పేవన్నీ వాటంతట అవి జరిగినవి చిన్నమ్మా. నేను చెప్పేది ముందుగా గీత గీసి కట్టేది. అట్లాంటాలో చూడు” అన్నాడు.

అట్లాంటా శివార్లలో మనవాళ్ళు చాలామంది వున్నారు గనుక ఆ కథ నాకూ కొంత తెలుసు. అక్కడి బేస్‌బాల్ జట్టు నగరంలో వున్న తమ పాత స్టేడియాన్ని 2016తో వదిలేసి, పక్కనున్న కాబ్ కౌంటీకి వెళ్ళిపోయింది. 2017లో కొత్త స్టేడియమూ, దాన్ని ఆనుకుని ‘బ్యాటరీ’ అనే పేటా కలిసే తెరిచారు. దుకాణాలు, హోటళ్ళు, ఆఫీసులు, అపార్టుమెంట్లు. ఆట లేనిరోజున కూడా కళకళలాడుతుందట. నేను కాదనను. కాని ఆ స్టేడియం కట్టడానికి కౌంటీ ప్రజల తరపున పెట్టిన సొమ్ము దాదాపు ముప్పై కోట్ల డాలర్లు. అద్దెలు జట్టు యజమానులకి. కౌంటీకి ఆ సొమ్ము తిరిగి గిట్టిందా లేదా అని అక్కడి ఆర్థికవేత్తలు ఇంకా వాదించుకుంటూనే వున్నారు.

“మరి సింగపూరు?” అన్నాను. వాడి మొహం కాస్త మారింది. వాడికి తెలుసన్నమాట. కల్లాంగ్ అనే చోట 1973లో కట్టిన పాత జాతీయ స్టేడియం వుండేది. దాన్ని పడగొట్టి 2014లో కొత్తది తెరిచారు. యాభైఐదు వేలమంది పట్టే స్టేడియం, తెరుచుకునే పైకప్పు, పక్కనే ‘కల్లాంగ్ వేవ్’ అని పెద్ద మాల్. ఇరవైఐదేళ్ళపాటు నడపమని ప్రైవేటు కూటమికి ఒప్పచెప్పారు. కట్టడంలో వంక పెట్టడానికి లేదు. కాని ఎనిమిదేళ్ళు తిరిగేసరికి, 2022 డిసెంబరులో, ప్రభుత్వమే ఒప్పందం ముగించి దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. చెప్పిన కారణం ఏమిటనుకున్నారు? మామూలు జనానికీ, బడులకీ, స్థానిక క్రీడలకీ అది మరింత అందుబాటులో వుండాలని. అంత పద్ధతిగల దేశానికే తెలిసిరావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

“అయితే కట్టొద్దంటావా?” అన్నాడు మావాడు, కాఫీ గ్లాసు కింద పెట్టి. గొంతులో కోపం లేదు. నిజంగా అడుగుతున్నాడు.

కట్టొద్దని నేనెట్లా అంటాను? రాయి తవ్వుకుని బతికే వూళ్ళో కూర్చుని కట్టడాలు వద్దంటే ఎవరు వూరుకుంటారు? పైగా వాడు చెప్పే లెక్క అబద్ధం కాదు. స్టేడియానికి ఖర్చుంది. గడ్డి ఊరికే పెరగదు, దీపాలు ఊరికే వెలగవు. రోము నుంచి బషీర్‌బాగ్ దాకా మైదానం చుట్టూ అంగడి వుంటూనే వచ్చింది. ఇక ముందూ వుంటుంది. వాడితో నేనన్నది ఇంతే. “నీ కాగితంలో ఎవరు ఎక్కడ కొంటారో వుంది, ఎవరు ఎక్కడ తింటారో వుంది, ఎవరు ఎక్కడ కారు పెడతారో కూడా వుంది. ఆడేవాడు ఏ దారిన వస్తాడో వుందా? ఐపీఎల్ వాళ్ళ సంగతి కాదురా. వాళ్ళకి బస్సొస్తుంది. పన్నెండేళ్ళ పిల్లాడు, చేతిలో పాత బ్యాటు, జేబులో ఏమీ లేదు. వాడూ, వాడి చెల్లెలూ ఏ గేటులోనుంచి వస్తారు? ఆ మూడొందల యాభై రోజుల్లో వాళ్ళవి ఎన్ని?”

వాడు మాట్లాడలేదు. మూలకున్న కాగితం తెచ్చి మళ్ళీ పరిచాడు. ఈసారి చెంబులు పెట్టే ఓపిక లేక మోకాలితో అదిమిపట్టాడు. చాలాసేపు చూశాడు. తరవాత పెన్సిలు తీసి, ఫౌంటెను వున్న మూల ఒక చిన్న చతురం గీసి, అందులో ఏమీ రాయకుండా వదిలేశాడు.

“అదేమిటి?”

“ఏం లేదు. ఖాళీ” అన్నాడు. “పైవాళ్ళు వుంచుతారో లేదో. చదరపు గజం ఎంతో తెలుసా చిన్నమ్మా అక్కడ?”

తెలీదన్నాను. తెలిస్తే ఖాళీ అన్నమాట నా నోట కూడా వచ్చివుండేది కాదేమో.

సాయంత్రం నన్ను రైలెక్కించడానికి వాడు తోడు వచ్చాడు. దారిలో పిల్లలు ఆడుతున్నారు. బండముక్కల వికెట్ల వెనక ఎక్కడినుంచి వచ్చిందో ఒక ఐసుబండి నిలబడివుంది. అతనికి పెట్టుబడీ ప్లానూ ఏమీ లేవు, పిల్లలు ఎప్పుడు పోగవుతారో తెలుసంతే. ఆటో ఆపి మావాడు రెండు ఐసులు కొన్నాడు. ఇంతలో ‘టక్’ మని వినబడింది. అవుటని ఒక గుంపు, కాదని ఒక గుంపు. వాళ్ళలో రెండు జడల పిల్ల ఒకతె, ఏ జట్టు మనిషో తెలియదు గాని, అందరికంటే గట్టిగా అరుస్తోంది. ఐసుబండి అతను తీర్పు చెప్పాడు, “నాకు వినబడ్డది, అవుటే.” అందరూ వొప్పుకున్నారు.

చీకటిపడి వాళ్ళు ఇళ్ళకి వెళ్ళేలోగానే అతనూ బండి తోసుకుని వెళ్ళిపోయివుంటాడు. నేను చూడలేదు, అప్పటికి రైలు కదిలింది.